డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు: నరములకు బలమిచ్చు పదార్థము

మన ఉద్దానపు గ్రామములలో ఈయన పేరెరిగినవారు కొద్దిమందియే. కాని ఈయన చేతిపని చేరని యిల్లు మాత్రము అరుదు. బోదకాలు నివారణకై ఇంటింట పంచబడిన డి.ఇ.సి. మాత్రలు ఈయన పరిశోధనాలయము నుండి వెలువడినవి. గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి యిచ్చు ఫోలిక్ ఆమ్లము ఈయన పర్యవేక్షణమున తొలిసారి కృత్రిమముగా తయారయినది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండములు చెడినవారు, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభింపబడిన వైద్యశాలకు గాని, మరియొక చోటికి గాని పోయి రక్తపరీక్ష చేయించుకొనునపుడు అందలి భాస్వరమును కూడ లెక్కింతురు; మూత్రపిండములు పనిచేయనపుడు భాస్వరము రక్తమున పేరుకొనును గదా. ఆ లెక్కకు వేయబడిన పునాదులలో 1925లో ఈయనయు, ఈయన గురువును ప్రకటించిన పద్ధతి ముఖ్యమైనది.

ఇన్ని కారణములుండగా, ఈ యేడు మేమీ చరిత్రను ఎంచుకొనుటకు వేరొక హేతువు గలదు. పై తరగతుల విద్యార్థులు శరీరశాస్త్ర పాఠమున మెదడును, నరములను గూర్చి చదువుచున్నారు. మెదడు ఎట్లు నేర్చుకొనును, పక్షవాతమున ఎట్లు చెడును అను రెండు ప్రశ్నలకును నేటి శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానములో సుబ్బారావుగారు కనుగొనిన పదార్థము నడుమ నిలిచియున్నది. ఆ సమాధానము ఆయన మరణించిన పిదప తేలినది. కావున ఆయన జీవితమును చెప్పుచునే, ఆయన చూడనోచుకొనని ఆ భాగమును కూడ కొంత విపులముగా చెప్పదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవారు. ఇంట సంతానమునకు కొరత లేదు గాని ధనమునకు మాత్రము కొరతయే. బాల్యమున చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచి పారిపోగా, తల్లి వెనుకకు రప్పించెనని చరిత్రకారులు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పిరి. ఇంతలో తండ్రి గతించిరి. తల్లి తన నగలమ్మి కుమారుని మద్రాసునకు పంపెను. అచ్చట తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులో చేరి మూడవమారు ఉత్తీర్ణులైరి. ఫలితములు వచ్చిన దినమున తప్పిన పిల్లవానిని అన్నము పెట్టక వాకిట నిలబెట్టు తలిదండ్రులు మా యెరుకలో కొందరు గలరు. వెంకమ్మగారు అట్టివారిలో చేరినవారయినచో ఈ వ్యాసము వ్రాయుటకు మాకు పని యుండెడిది కాదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువునపుడు సుబ్బారావుగారికి సన్న్యాసము స్వీకరించి రామకృష్ణ మఠమున చేరవలెనను కోరిక ప్రబలమయ్యెను. తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనజాలమని మఠమువారనిరి, తల్లి సమ్మతింపలేదు. జనులకు సేవ చేయదలచినచో వైద్యము నేర్చుట మేలని తోచి మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. ఆయన మతము వేరు, మన మతము వేరు. అయినను రోగులను సేవించుటయే దేవుని సేవించుటయని తలచి వైద్యమున ప్రవేశించువాని మనస్సు మిషను ఆసుపత్రుల నీడను పెరిగిన మన సంఘమువారికి క్రొత్తది కాదు.

ఆ దినములు స్వదేశోద్యమపు దినములు. గాంధీగారి పిలుపు నాలకించి సుబ్బారావుగారు విదేశీ వస్త్రమును విడిచి, శస్త్రచికిత్స చేయునపుడు సైతము ఖద్దరు దుస్తులనే ధరించిరి. ఇది ఆంగ్లేయుడైన ఆచార్యునకు కోపము తెప్పించెను. చదువు బాగుగనే సాగినను ఆయనకు సంపూర్ణమగు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. దానితో ప్రభుత్వ వైద్యశాఖ తలుపులు మూసికొనిపోయెను. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించు ఉపాధ్యాయులైరి.

ఈ కాలముననే ఆయన జీవితమునకు దారి చూపిన దుఃఖము సంభవించెను. గ్రహణి యను వ్యాధిచే ఆయన సోదరులిద్దరు కొలది దినముల యెడములో మరణించిరి. అన్నము జీర్ణము కాక, నోరు పూచి, రక్తము పాలిపోయి, మనిషి ఎముకలగూడై నశించు వ్యాధి అది. సుబ్బారావుగారికి కూడ అదే వ్యాధి సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన బ్రతికి బయటపడిరి. తన సోదరులను చంపినదేమో, దానికి మందేమో తెలిసికొనవలెనను పట్టుదల అప్పటినుండి ఆయనను విడువలేదు.

1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహమయ్యెను. మామగారు కూడబెట్టిన ధనముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారు మాటయిచ్చిన సాయముతోను, ఆయన భార్యను విడిచి అమెరికాకు ఓడ యెక్కిరి. కొలది సంవత్సరములలో తిరిగి రావలెనని వారి ఊహ. మరల రాలేదు. వెళ్లిన పిదప జన్మించిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ శిశువు ముఖమును చూడనే లేదు.

బోస్టను నగరమున హార్వర్డు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరిన సుబ్బారావుగారికి జీవనభృతి లేదు. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపు పాత్రలను కడుగు పని దొరకినది. పగలు చదువు, రాత్రి ఆ పని. పట్టభద్రుడైన వైద్యుడు ఆ పనికి సిగ్గుపడినట్లు ఎవ్వరును చెప్పలేదు. పిమ్మట హార్వర్డు వైద్యకళాశాలలో జీవరసాయన శాస్త్ర శాఖయందు సైరస్ ఫిస్కే యను ఆచార్యుని వద్ద చేరిరి.

రక్తమున, మూత్రమున, కండరమున భాస్వరము ఎంత యున్నదో త్వరగా, తప్పులేక లెక్కించుట ఎట్లు? ఇదియే ఆయన మొదట పూనిన పని. పైకి చూడ చిన్న విషయము. పరీక్షింపవలసిన ద్రవమునుండి మాంసకృత్తులను ఆమ్లముతో విరిచి తీసివేసి, మిగిలిన తేటకు మాలిబ్డేటు అను లవణమును చేర్చినచో అది భాస్వరముతో కలియును. దానికి మరియొక మందును కలిపినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎంత యెక్కువగా నున్న నీలము అంత చిక్కనగును. తెలిసిన పాళ్లుగల ద్రవపు రంగుతో దీనిని పోల్చి చూచి లెక్క తేల్చుదురు. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతి ఫిస్కే, సుబ్బారావుల పద్ధతియను పేర లోకమంతట వ్యాపించి, చాలకాలము వైద్య పరీక్షాలయములలో నిత్యకృత్యమైయుండెను.

ఈ పరీక్షను కండరపు రసమునకు చేయునపుడు ఒక వింత కనబడినది. నీలివర్ణము ఒక్కసారిగా తేలి నిలువక, నిమిషములు గడచినకొలది మెల్లమెల్లగా పెరుగుచుండెను. అజాగ్రత్తపరుడైనచో గాజుగొట్టము సరిగా కడుగలేదని త్రోసివేసియుండెడివాడు. వీరు త్రోసివేయలేదు. భాస్వరమును తనలో బంధించుకొని, ఆమ్లము తగులగానే కొంచెము కొంచెముగా విడుచు పదార్థమేదో అందున్నదని గ్రహించి, వెదకి వెదకి, 1927లో ఫాస్ఫోక్రియేటిను అను దానిని ప్రకటించిరి. రెండేండ్లకు, 1929లో, అంతకన్న ముఖ్యమైన ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటును, సంక్షేపముగా ఎ.టి.పి.ని, వేరుచేసి చూపిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఆ యేడే స్వతంత్రముగా దానిని కనుగొనెను. కండరమునకు బలము పాలఆమ్లము వలన కలుగునని అంతకు ముందు పండితులు నమ్మియుండిరి. ఆ విషయమున 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము కూడ ఇయ్యబడియుండెను. ఈ రెండు పదార్థములు బయల్పడిన పిమ్మట ఆ సిద్ధాంతము తలక్రిందులయ్యెను.

ఎ.టి.పి. అనగా నేమి? మనము తిన్న అన్నములోని శక్తి కట్టెలలోని నిప్పువంటిది. దానిని తిన్నగా ఏ కణమును వాడుకొనజాలదు. కణము ఆ శక్తిని చిల్లరగా మార్చుకొని ఎ.టి.పి. యందు దాచుకొనును. పెద్దనోటు పట్టుకొని సంతకు పోయినవాడు మొదట చిల్లర మార్చుకొనవలెను గదా, అట్లే. దాని మూడు భాస్వర భాగములలో ఒకటి విడిపోవునపుడు శక్తి వెలువడును. ఫాస్ఫోక్రియేటిను ఆ చిల్లర తరుగునపుడు వెంటనే పూరించు నిలువ. కండరము కదలుట, గుండె కొట్టుకొనుట, మెదడు ఆలోచించుట, సమస్తమును దీనిచేతనే. మెదడు బరువు మన శరీరపు బరువులో నూటికి రెండుపాళ్లు మాత్రమే. అది ఖర్చుచేయు శక్తియో నూటికి ఇరువదిపాళ్లకు దగ్గర. ఇంత చిన్న అవయవమున కంత ఖర్చేల?

ఇచ్చట గ్లూటమేటు అను మరియొక పదార్థమును పరిచయము చేయవలసియున్నది. 1866లో జర్మనీ దేశపు రిట్‌హౌసెన్ అను రసాయనజ్ఞుడు గోధుమపిండిలోని జిగురునుండి దీని ఆమ్లమును వేరుచేసెను. 1908లో జపానులో ఇకెడ అను ఆచార్యుడు సముద్రపు నాచుతో కాచిన చారునకు రుచి నిచ్చునది దీని లవణమేయని కనుగొనెను. పలహారపు దుకాణములలో నూడిల్సుపై చల్లు తెల్లని పొడి అదియే. పప్పులో, పాలలో, చేపలో, మన శరీరపు మాంసకృత్తులన్నిటిలో గ్లూటమిక్ ఆమ్లమున్నది. ఇంత సామాన్యమైన వస్తువునకు మెదడులో ప్రత్యేకమైన పని యుండునని చాలకాలము ఎవ్వరును తలపలేదు.

1954లో జపానులో హయాషి అను వైద్యుడు గ్లూటమేటును కుక్కల మెదడుపై ప్రయోగింపగా వానికి మూర్ఛ వచ్చినట్లు ప్రకటించెను. 1959, 1960లలో ఆస్ట్రేలియా దేశపు కాన్బెర్రా నగరమున కర్టిస్, ఫిలిస్, వాట్కిన్స్ అనువారు వెన్నుపాములోని నాడీకణములకు గ్లూటమేటును తాకించి, అవి చురుకెత్తుటను కనిపెట్టిరి. అయినను ఇది నరముల సహజమైన దూతయేయని ఒప్పుకొనుటకు మరి యిరువది యేండ్లు పట్టెను.

నేడు తెలిసిన సంగతి ఇది. ఒక నాడీకణము చివర, వేరొక కణము మొదలు, ఈ రెంటికి నడుమ మిక్కిలి సన్నని సందు గలదు. మొదటి కణము వార్త పంపదలచినపుడు గ్లూటమేటును ఆ సందులోనికి విడుచును. రెండవ కణముపై దానిని పట్టుకొను ద్వారములు గలవు. వీనికి గ్రాహకములని పేరు. తాళపుచెవి తగిలిన తలుపువలె గ్రాహకము తెరచుకొని, లవణముల కణికలు లోనికి ప్రవేశించి, వార్త సాగును. గ్రాహకములలో పలు జాతులున్నవి. ఒక జాతి వెంటనే తెరచి వెంటనే మూసికొనును. ఎన్.ఎం.డి.ఏ. అను మరియొక జాతి విచిత్రమైనది. దాని మార్గమున మెగ్నీషియపు కణిక ఒకటి బిరడావలె అడ్డుపడియుండునని 1984లో తెలిసెను. గ్లూటమేటు వచ్చినంత మాత్రమున అది తెరచుకొనదు. ఆ కణము అప్పటికే చురుకెత్తియున్న గాని బిరడా తొలగదు. రెండును ఒక్కసారి కూడినపుడు తెరచుకొని కాల్షియమును లోనికి రానిచ్చును. ఆ కాల్షియము ఆ రెండు కణముల బంధమును దృఢపరచును. 1986లో స్కాట్లండునందు మోరిస్ మొదలగువారు ఈ గ్రాహకమును మందుతో మూసివేసిన ఎలుకలు, నీటి తొట్టిలో దాగియున్న దిమ్మె యెచ్చటనున్నదో నేర్చుకొనలేకపోయినట్లు చూపిరి. మా విద్యార్థులు ఎక్కములను వల్లించి కంఠస్థము చేయునపుడు తలలో జరుగుచున్నది చాలవరకు ఈ ద్వారముల పనియే.

అయితే విడిచిన గ్లూటమేటు ఆ సందుననే నిలిచియున్నచో కీడు. ప్రక్కనున్న సహాయకణములు దానిని వెంటనే లోనికి తీసికొని సందును తుడిచివేయవలెను. కణము లోపల గ్లూటమేటు వెలుపలికన్న కొన్నివేల రెట్లు అధికముగా నుండును; తక్కువచోటినుండి ఎక్కువచోటికి నెట్టుట పల్లమునుండి మెరకకు నీరు తోడుటవంటిది. తోడుటకు బలము కావలెను. కణపు గోడలోని లవణపు పంపులు ఆ బలమును సమకూర్చును; ఆ పంపులు నడచునది సుబ్బారావుగారి ఎ.టి.పి. వలన. మెదడు అంత శక్తి నేల ఖర్చుచేయునను ప్రశ్నకు సమాధానము చాలవరకు ఇదియే.

ఇక రక్తనాళము మూసికొని మెదడులో ఒక భాగమునకు రక్తము ఆగినదనుకొందము. ప్రాణవాయువు లేదు, చక్కెర లేదు. ఫాస్ఫోక్రియేటిను నిలువ మొదట తరుగును. కొలది నిమిషములలో ఎ.టి.పి. కూడ అడుగంటును. పంపులు ఆగును. లోపలికి తోడవలసిన గ్లూటమేటు గట్టు తెగిన చెరువునీటివలె వెలుపలికి పొరలును. ద్వారములన్నియు తెరచుకొనిపోవును, కాల్షియము హద్దులేక లోన జొరబడి, కణములోని గోడలను, మాంసకృత్తులను కరగించు రసములను మేల్కొలుపును. నాడీకణము తన చురుకుదనము చేతనే చచ్చును. ఇట్లు అతిగా ప్రేరేపింపబడి కణము చచ్చుటను అమెరికాలో జాన్ ఓల్నీ అను వైద్యుడు 1969లో చిన్న ఎలుకలయందు చూపి, దానికి ఒక ప్రత్యేక నామము కల్పించెను. నేర్చుకొనుటకు ఏ ద్వారమో, చచ్చుటకును ఆ ద్వారమే. (అయితే దుకాణపు తెల్లపొడిని చూచి భయపడనక్కరలేదు. ఆహారములోని గ్లూటమేటును ప్రేగులే చాలవరకు ఖర్చుచేయును. రక్తమునుండి మెదడులోనికి అది సులభముగా పోలేకుండ అడ్డుగోడ యున్నది.)

గ్లూటమేటు వేషము ధరించి వచ్చు విషమొకటి మన దేశపు పేదలను కుంటివారిని చేసినది. కరవు సంవత్సరములలో మధ్యదేశమున నెలలతరబడి కేసరిపప్పునే తిని బ్రతికినవారికి మోకాళ్లు బిగిసి, కాళ్లు కత్తెరవలె ఒకదానిపై నొకటి పడి, కఱ్ఱ లేనిదే నడువలేని స్థితి కలుగుచుండెను. ఆ పప్పులోని విషమును 1964లో బెంగుళూరు విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, పి.ఎస్. శర్మ అనువారు వేరుచేసిరి. వారిలో రావుగారు తరువాత హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆ పరిశోధనను కొనసాగించిరి. ఆ విషము గ్లూటమేటు గ్రాహకములనే తగిలి వెన్నుపామునకు పోవు నరములను చెరచునని పిమ్మట తేలెను.

పక్షవాతమునకు తిరిగి వత్తము. గ్లూటమేటు ద్వారములను మూయు మందులను కనిపెట్టి పక్షవాతమును జయింపవచ్చునని 1990లలో వైద్యులు ఎంతో ఆశపడి ఎన్నో పరీక్షలు చేసిరి. రోగులయందు అవి ఫలింపలేదు. మందు చేరునప్పటికే కణములు చచ్చియుండుట అందులకొక ముఖ్య కారణము. రక్తనాళము మూసికొనిన పక్షవాతమున చికిత్స లేనిచో నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో ఒక వైద్యుడు లెక్కకట్టెను. నాళములో గడ్డకట్టిన రక్తమును కరగించు మందు గలదు. అది సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలసినది, అదియు తలకు స్కానింగు తీసి లోన రక్తస్రావము లేదని చూచిన పిమ్మట. మన తీరమున జరుగుచున్నదేమి? మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడిన మనుష్యుని మొదట పసరుమందు పోయువాని యింటికి తీసికొనిపోవుదురు. అచ్చట ఒక పూట. తెల్లవారినపిదప చూతమని మరియొక రాత్రి. అటుపిమ్మట శ్రీకాకుళమునకో విశాఖపట్టణమునకో బండి మాటలాడుదురు. అంతలో ఎ.టి.పి. యెప్పుడో అడుగంటియుండును. ఈ పుటను చదువు పిల్లలు దీనిని యింట పెద్దలకు చదివి వినిపింపవలెనని మా కోరిక. 108 వాహనమునకు పిలుపు పంపుటకు ముహూర్తము చూడనక్కరలేదు.

సుబ్బారావుగారి చరిత్రను 1929 వద్ద విడిచితిమి. మరుసటి యేడు ఆయనకు హార్వర్డువారు డాక్టరు పట్టమునిచ్చిరి. స్థిరమైన ఆచార్యపదవిని మాత్రము ఇయ్యలేదు. ఇన్ని కనుగొనినవానికి పదవి దక్కకుండుట న్యాయము కాదని మా అభిప్రాయము. అయినను ఆయన పేరుకొరకు తగవులాడిన జాడ లేదు. 1940లో హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లె పరిశోధనాలయమున చేరి, రెండేండ్లలో అచ్చటి పరిశోధనలన్నిటికిని అధిపతియైరి.

సోదరుల మరణము ఆయనకు జ్ఞప్తియందే యుండెను. 1930 ప్రాంతమున బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు, రక్తహీనతచే పాలిపోయిన గర్భిణులకు ఈస్టుతో చేసిన పదార్థమునిచ్చి కుదిర్చియుండెను. అందున్న మందేమో తెలియదు. పశువుల కాలేయములోను అట్టి గుణము గలదు. 1941లో టెక్సాసు పండితులు టన్నులకొలది పాలకూరనుండి ఒక పదార్థమును రవ్వంత తీసి, ఆకునుండి వచ్చినదగుటచే ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారి బృందము కాలేయమునుండియు, సూక్ష్మజీవులనుండియు దానిని శుద్ధముగా రాబట్టి, నిర్మాణమును తేల్చి, 1945లో కృత్రిమముగా తయారుచేసెను. ఆ నిర్మాణమున మూడు తునకలు గలవు. మూడవది గ్లూటమిక్ ఆమ్లమే. అందుచేతనే ఆ మందునకు శాస్త్రనామము టెరోయిల్ గ్లూటమిక్ ఆమ్లము. మెదడులో దూతగా తిరుగు వస్తువు ఇచ్చట బంధింపబడి వేరొక పని చేయుచున్నది. ఈ రెండు పనులకు సంబంధము కలదని విద్యార్థులు భ్రమపడరాదు.

గ్రహణి రోగులకు ఈ మందు అమృతమయ్యెను. సోదరుల శత్రువునకు మందు దొరకినది, ఇరువదియేండ్లు దాటిన పిమ్మట. కాని అందులోనే ఒక ముల్లు దాగియుండెను. ఉగ్రరక్తహీనత యను మరియొక వ్యాధి గలదు. అందు రక్తము పాలిపోవుటయేగాక, పాదములు తిమ్మిరెక్కి, వెన్నుపాములోని నరముల పొర చెడి, చీకటిలో అడుగు వేయలేని స్థితి వచ్చును. ఆ రోగులకు ఫోలిక్ ఆమ్లమునీయగా ముఖమున రక్తపుచాయ వచ్చెను, ఆకలి పుట్టెను, వైద్యుడు సంతోషించెను. నరములు మాత్రము చెడుచునేయుండెను. 1946, 1947 సంవత్సరములలోనే ఈ సంగతి బయటపడెను. రక్తమునకు వేరు, నరములకు వేరు కావలెనన్నమాట. ఆ రెండవది బి12 అను విటమిను. 1948 వసంతకాలమున అమెరికాలోను ఇంగ్లండులోను దానిని ఎఱ్ఱని స్ఫటికములుగా వేరుచేసిరి. హార్వర్డులోనున్నప్పటినుండి సుబ్బారావుగారు కాలేయమున వెదకిన వస్తువు అదియే. అది ఇతరుల చేతికి చిక్కినది. నేటికిని, మాంసము, గ్రుడ్లు, పాలు మూటిని ముట్టనివారు కాళ్ల తిమ్మిరితో వచ్చినచో ఫోలిక్ మాత్ర ఒక్కటే యిచ్చి పంపుట ప్రమాదమని వైద్యులెరుగుదురు.

మరియొకప్రక్క ఆ మాత్ర నరములకు చేసిన మేలును చిన్నది కాదు. గర్భమున శిశువు వెన్నుపాము మొదటి నెలలోనే గొట్టమువలె మూసికొనును. తల్లికి ఫోలిక్ ఆమ్లము చాలనిచో అది మూసికొనక తెరచియుండిపోవచ్చును. అట్టి బిడ్డను ముందొకసారి కనిన తల్లులు గర్భము ధరింపకముందే ఈ మాత్ర తీసికొనినచో ఆ కీడు నూటికి డెబ్బదిరెండు పాళ్లు తగ్గునని 1991లో ఇంగ్లండువారు నడిపిన పరీక్షలో తేలెను. మన ఊళ్లలో మూడవ నెల దాటినపిదప ఆశా కార్యకర్తకు చెప్పువారున్నారు. వెన్నుపాము విషయమున అది ఆలస్యమే.

లెడర్లెలో జరిగిన తక్కిన పనులను పేర్కొని విడుతుము. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియైన ఎమినోప్టెరిను అను దానిని ఆయన బృందము తయారుచేసి యియ్యగా, బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరుగల పిల్లలకిచ్చి, కొందరికి కొంతకాలమైనను వ్యాధి తగ్గుటను 1948 జూనులో ప్రకటించెను. ఆ వ్యాధికి మందు పనిచేయుట అదే మొదలు. యుద్ధకాలమున పసిఫిక్ ద్వీపములలోని సైనికులకు బోదవ్యాధి సోకగా మొదలిడిన వెదకులాట 1947లో హెట్రజాను అను పేర ఫలించినది. అదియే మన డి.ఇ.సి. డెబ్బది యేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గరు, మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసినును రాబట్టినదియు సుబ్బారావుగారు అధిపతిగా నున్న కాలముననే. 1948లో అది లోకమునకు తెలిసెను.

పెర్ల్ రివర్‌లో ఆయన ఒంటరిగనే జీవించిరి. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వము నిచ్చు శాసనము వచ్చినను ఆయన దానిని స్వీకరింపలేదు. స్వదేశమునకు రానూ లేదు. శేషగిరిగారిని మరల చూడలేదు. 1948 ఆగస్టు 9వ తేదీ ఉదయమున ఆయన నిద్రలోనే గుండె ఆగి మరణించియుండుటను కనుగొనిరి. వయస్సు ఏబదిమూడు. బి12 స్ఫటికములు లోకమునకు కనబడి కొలది మాసములే అయినది; హయాషి కుక్కలపై తన ప్రయోగమును ప్రకటించుటకు ఇంకను ఆరేండ్లున్నవి. 1953లో క్రొత్తగా కనుగొనిన ఒక బూజుజాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. నూరవ జయంతి నాటికి, 1995లో, భారత తపాలాశాఖవారు ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించిరి.